చదవని పుస్తకం మీద పట్టా

పాత నిబంధనలో ఎం.టిహెచ్. పట్టా చేతికందేనాటికి నాకు హీబ్రూ చదవడం రాదు. అక్షరాలు గుర్తుపడతాను, కూడబలుక్కుని ఒక్కో పదం పలకగలను, అంతే. ఆ పదానికి ధాతువేదో, అది ఎవరు ఎవరితో అన్న మాటో చెప్పమంటే నోరు పెగలదు. నా థీసిస్ విలాపవాక్యముల గ్రంథం మీద. అయిదే అయిదు అధ్యాయాలు, 154 వచనాలు. రెండేళ్ళు దాని మీదే ఉన్నాను. వంద పేజీలకు పైగా రాశాను. ఆ 154 వచనాలనూ మొదటినుంచి చివరిదాకా వాటి భాషలో ఒక్కసారైనా చదవలేదు.

కూటాలకు పిలిచినచోట “మన అయ్యగారు హీబ్రూ, గ్రీకు చదువుకొచ్చినవారు” అని పరిచయం చేసేవారు. అప్పుడు జనం నావైపు చూసే చూపు నాకు ఇష్టంగా ఉండేది. కాదని చెప్పాలని ఎన్నడూ అనుకోలేదు. నా ఫీజు కట్టింది మా సంఘం. అందులో కొంత స్త్రీల సమాజం డబ్బు. పొలం పనికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు. అలా పోగైన బియ్యం అమ్మి నాకు పంపారు. ఆ డబ్బాల్లో ఒకటి ఎవరిదో నాకు బాగా తెలుసు. ఆమె సంగతికి తరవాత వస్తాను.

బైబిలు అధ్యయనంలో పైచదువు అంటే ఏమిటో మనవాళ్ళలో చాలామందికి తెలియదు. బి.డి. అనే దైవశాస్త్ర డిగ్రీ అయ్యాక కొన్నేళ్ళు సంఘంలో పనిచేసి, ఆపైన ఎం.టిహెచ్.కు వెళ్తారు. వేదాంతం తీసుకున్నవాళ్ళకు, సంఘ చరిత్ర తీసుకున్నవాళ్ళకు వాళ్ళ గ్రంథాలు వాళ్ళకుంటాయి. పాత నిబంధన తీసుకున్నవాడి ముందు పెట్టేది ఒకటే పుస్తకం, స్టుట్‌గార్ట్‌లో అచ్చయిన హీబ్రూ బైబిలు. అందులోని పాఠం 1008లో కైరోలో రాసిన ఒక చేతిప్రతిది. లెనిన్‌గ్రాడ్ ప్రతి అంటారు, ఇప్పటికీ సెంట్ పీటర్స్‌బర్గ్ గ్రంథాలయంలోనే ఉంది. పేజీ తెరిస్తే మధ్యలో పెద్ద అక్షరాల మూలం, వాటి కిందా పైనా అచ్చుల చుక్కలు, గీతలు. అంచుల్లో ఆ పాఠాన్ని కాపాడిన పాతకాలపు లేఖకులు పెట్టిన చిన్న చిన్న లెక్కలు, హెచ్చరికలు. పేజీ అడుగున ఏ ప్రతిలో ఏ అక్షరం తేడా ఉందో లాటిన్ పొడి అక్షరాల్లో. ఇంత శ్రద్ధగా కాపాడిన గ్రంథాన్ని చేత్తో పట్టుకోవడమే భాగ్యం. నేను పట్టుకున్నాను కూడా. వారం తిరక్కుండానే దాన్ని అరలో పెట్టేశాను.

కారణం చెప్తాను. హీబ్రూలో క్రియలకు మూడక్షరాల ధాతువు ఉంటుంది. ఆ మూడూ గట్టి అక్షరాలైతే ఫరవాలేదు, ఏ రూపంలో ఉన్నా కనిపెట్టొచ్చు. కొన్ని ధాతువుల్లో మాత్రం ఒక అక్షరం జారిపోతుంది. ‘ఇచ్చు’ అనే అర్థమున్న నాతాన్ అనే ధాతువులో మొదటి నకారం భవిష్యద్రూపంలో మాయమై, పక్కనున్న తకారం ఒత్తుగా మారుతుంది. మాకు ప్రామాణికమైన నిఘంటువు బ్రౌన్, డ్రైవర్, బ్రిగ్స్ అనే ముగ్గురు 1906లో వెలువరించినది. అందులో పదాలు ధాతువుల కింద ఉంటాయి. అంటే ధాతువు తెలిస్తేనే పదం దొరుకుతుంది, జారిపోయిన అక్షరం మనసులో నిలబెట్టుకోగలిగితేనే పేజీ తెరవగలం. ఒక రాత్రి ఒకే ఒక్క పదం కోసం ఆ నిఘంటువంతా తిరగేసి దొరక్క, పక్క గది మిత్రుణ్ణి అడిగాను. అతను చెప్పిన దారి సుళువుగా ఉంది. 1848లో బెంజమిన్ డేవిడ్‌సన్ వేసిన నిఘంటువు ఒకటుంది, అందులో బైబిల్లోని ప్రతి రూపమూ ఉన్నదున్నట్టు అక్షరక్రమంలో ఉంటుంది, పక్కనే దాని వ్యాకరణమంతా రాసి ఉంటుంది. వెతుక్కోవడమే, ఆలోచించనక్కర్లేదు. ఆ పుస్తకం మంచిదే, తడబడినచోట చెయ్యి అందించడానికి చేసినది. నేను దాన్ని చంకకర్ర చేసుకున్నాను. ఆ తరవాత కాళ్ళు నేలమీద ఆనించలేదు.

పరీక్షకు ఇంకో దారి ఉంది. ఏయే అధ్యాయాల్లోంచి మూలం ఇచ్చి అనువదించమంటారో ముందే తెలుసు. ఆ అధ్యాయాల ఇంగ్లీషు అనువాదం బట్టీపట్టాను. ప్రశ్నపత్రంలో మొదటి రెండు పదాలు గుర్తుపడితే చాలు, ఆ వచనాలన్నీ చకచకా రాసేయొచ్చు. మంచి మార్కులే వచ్చాయి. మాకు చదువు చెప్పినవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. నేర్పడానికి కూర్చున్న మనిషి ఎదురుగా ఉండగానే నేను ఈ పని చేశాను.

నా గైడు వయసు పైబడినవారు. సాయంత్రాలు లైబ్రరీ వసారాలో కూర్చుని, ఎవరొస్తే వారితో హీబ్రూ బైబిలు పైకి చదివేవారు. అదేమీ క్లాసు కాదు, హాజరు లేదు. ఒకరు ఒక వచనం చదవాలి, ప్రతి పదం విప్పి చెప్పాలి, తప్పితే ఆయన ఓపిగ్గా మళ్ళీ మొదటినుంచి. అటువైపు దీపం వెలుగుతుంటే నేను హాస్టలుకు చుట్టుదారిన పోయేవాణ్ణి. దారిలో ఎదురుపడితే ఆయన అడిగేది ఒకటే ప్రశ్న, ఇప్పుడు ఏ అధ్యాయం చదువుతున్నావని. నేను ఏ వ్యాఖ్యానం చదువుతున్నానో చెప్పేవాణ్ణి. ఆయన తలూపి వెళ్ళిపోయేవారు.

వ్యాఖ్యానాలు మాత్రం గట్టిగానే చదివాను. 1882లో కార్ల్ బుడ్డే ఈ శోకగీతాల నడకను మొదటిసారి పట్టుకున్నాడు. పాదం ముందు సగంలో మూడు ఊనికలు, వెనక సగంలో రెండే. నడిచే మనిషి ఒక కాలు ఈడ్చినట్టుంటుంది. దానికి కీనా ఛందస్సని పేరు. హిల్లర్స్ వ్యాఖ్యానం, డాబ్స్-ఆల్సప్ పోల్చి చూపిన మెసపొటేమియా నగర శోకాలు, కాథ్లీన్ ఓకానర్, టాడ్ లినఫెల్ట్, అన్నిటికీ మించి క్లాజ్ వెస్టర్‌మన్. సెమినార్ పేపర్ చదివితే ఈ పేర్లు నా నోట అలవోకగా దొర్లేవి. జర్మన్ పుస్తకాల పేర్లు కూడా నా ఫుట్‌నోట్లలో ఉన్నాయి. జర్మన్ నాకు ఒక్క ముక్క రాదు. ఆ పుస్తకాలు కంటితో చూడలేదు. వేరేవాళ్ళ ఫుట్‌నోట్లలోంచి పేజీ నంబరుతో సహా ఎత్తి రాసుకున్నాను, నేనే తెరిచి చూసినట్టు. ఇది దొంగతనం. అప్పుడు దీన్ని పరిశోధన అనుకున్నాను, తోటివాళ్ళలో కొందరు కూడా అదే అనుకునేవారు.

మన దగ్గరికి బైబిలు ఎలా వచ్చిందో ఆలోచిస్తే నాకు ఇంకా సిగ్గు కలుగుతుంది. 1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు విశాఖపట్నం వచ్చి, తెలుగు అక్షరం ముక్కతో మొదలుపెట్టి, ఆనందరాయరు అనే తెలుగు తెలిసిన క్రైస్తవుడి పక్కన కూర్చుని సువార్తలు తెలుగు చేశారు. అవి 1812లో సేరంపూరులో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరూ బతికిలేరు. ఏ భాషకు ఆ భాష దగ్గర చేతులు కట్టుకు కూర్చున్న మనుషులు వాళ్ళు. నాకు అన్నీ అమరి ఉన్నాయి. గది, దీపం, పుస్తకం, గురువు, పిడికెడు బియ్యం డబ్బు.

ఇక ఆ పుస్తకం సంగతి. క్రీస్తుకు పూర్వం 587 ప్రాంతంలో బబులోను సేనలు యెరూషలేమును కూల్చి, దేవాలయం తగలబెట్టి, జనాన్ని చెరపట్టుకు పోయాక మిగిలినవాళ్ళ ఏడుపు ఇది. ఆ ఏడుపుకు ఒక కట్టుదిట్టం ఉంది. మొదటి నాలుగు అధ్యాయాలూ అక్షరమాల వరసలో నడుస్తాయి. మన తెలుగు బైబిల్లో 119వ కీర్తన మీద ఆలెఫ్, బేత్, గీమెల్ అని తలకట్టు చూసినవాళ్ళకు ఈ పద్ధతి తెలిసే ఉంటుంది. హీబ్రూ అక్షరాలు 22 గనక ఒకటి, రెండు, నాలుగు అధ్యాయాల్లో 22 వచనాలు, మూడోదాంట్లో అక్షరానికి మూడు చొప్పున 66. అయిదో అధ్యాయంలో కూడా వచనాలు 22, కానీ అక్షరక్రమం లేదు. మొదటి రెండు అధ్యాయాల్లో వచనానికి మూడు పాదాలుంటాయి, నాలుగులో రెండవుతాయి, అయిదులో ఒక్కటే మిగులుతుంది. ఏడ్చి ఏడ్చి గొంతు తగ్గిపోయినట్టు పుస్తకమే సన్నబడుతూ పోతుంది.

ఇంకో విశేషం. మొదటి అధ్యాయంలో అయిన్ అనే అక్షరం తరవాత పే వస్తుంది. రెండు, మూడు, నాలుగు అధ్యాయాల్లో పే ముందు, అయిన్ వెనక. కుమ్రాను గుహల్లో దొరికిన చేతిప్రతిలోనైతే మొదటి అధ్యాయంలోనూ పేదే ముందు చోటు. ఇది లేఖకుల పొరపాటు కాదు. 1976లో ఇజ్బెత్ సర్తా అనే చోట దొరికిన పాత కుండపెంకు మీద ఎవరో అక్షరాలు దిద్దుకున్నారు. అందులోనూ పే ముందుంది. అంటే ఒకప్పుడు అక్షరమాలను ఆ వరసలో కూడా నేర్పేవారు. ఊరు తగలబడ్డాక కూర్చుని ఏడ్చిన కవికి చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరాల వరసే పట్టు దొరికింది. థీసిస్‌లో దీన్ని నేను ఒక పట్టికగా వేసి, ఎవరెవరు ఏమన్నారో కింద రాశాను. గడులు నింపానే తప్ప ఆ కవి చెయ్యి నాకు కనిపించలేదు.

ఆ పుస్తకం మొదటి రెండు అధ్యాయాల్లో ఇద్దరు మాట్లాడతారు. ఒకరు జరిగింది చెప్పేవాడు. రెండోది సీయోను, అంటే యెరూషలేమే, బిడ్డల్ని పోగొట్టుకున్న విధవరాలిలాంటి ఊరు. మొదటి అధ్యాయంలో అతను ఆమె గురించి చెబుతూ పోతుంటాడు, ఆమెను ఓదార్చేవాడు లేడని ఆ అధ్యాయంలో అయిదుసార్లు వస్తుంది. తొమ్మిదో వచనం చివర ఆమె ఉన్నట్టుండి అతని మాటకు అడ్డం వచ్చి దేవునితో మొరపెట్టుకుంటుంది. పదకొండో వచనంలో మళ్ళీ అడ్డం వచ్చి, ఇక చాలావరకు తానే మాట్లాడుతుంది. ఆమె తనకు ఈ గతి పట్టించింది దేవుడేనని దేవుని ముఖం మీదే అంటుంది. అతను ఆమెను ఆపడు. రెండో అధ్యాయం సగానికి వచ్చేసరికి అతని కళ్ళే ఏడ్చి ఏడ్చి క్షీణించిపోతాయి. చివరికి 18, 19 వచనాల్లో అతనే ఆమెతో అంటాడు, కన్నీళ్ళు ఏరులా పారనియ్యి, నీకు నువ్వు తెరిపి ఇచ్చుకోకు, రాత్రి లేచి గట్టిగా మొరపెట్టు, పసిపిల్లల ప్రాణం కోసం చేతులెత్తు అని. పుస్తకమంతా దేవుడు ఇప్పుడు ఒక్క మాటా పలకడు, ఒకప్పుడు భయపడకు అన్నాడన్న జ్ఞాపకం మాత్రం మూడో అధ్యాయంలో ఉంది.

మన సంఘాల్లో ఈ పుస్తకం నుంచి చదివేది ఒకటే చోటు, మూడో అధ్యాయం 22వ వచనం మొదలు నాలుగైదు వచనాలు. దేవుని కృప ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందన్న భాగం. క్యాలెండర్ల మీద కూడా అదే. వెస్టర్‌మన్ గట్టిగా అభ్యంతరం చెప్పింది దీనికే. మధ్యలోని నాలుగు ఆశ మాటలు పట్టుకుని చుట్టూ ఉన్న శోకాన్నంతా దానికి మెట్లు చేయొద్దు, శోకానికి తనదైన విలువ ఉంది అన్నాడు. దీని మీద నా థీసిస్‌లో ఒక అధ్యాయమే ఉంది. రెండో అధ్యాయంలోని ఆ 18, 19 వచనాల మీద నాలుగు పేజీలు. వైవాలో మెచ్చుకున్న భాగం అది.

పట్టా తీసుకుని ఒంగోలు దగ్గరి మా ప్రాంతానికే తిరిగొచ్చాను. మా పల్లెలో క్రైస్తవ్యం 1876-78 కరువు నాటిది. అప్పట్లో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ మట్టి మోసినవాళ్ళ వంశం మాది. మాలో ఎవరైనా పోతే ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి చేసిన పనులు, తిన్న తిండి, తీరని అప్పులు, అన్యాయం చేసినవాళ్ళ పేర్లు అన్నీ ఆ రాగంలో వస్తాయి. మా పెద్ద పాస్టర్ల నుంచీ దీన్ని ఆపమనే చెబుతూ వచ్చాం. అది అవిశ్వాసుల పద్ధతి, మనకు నిరీక్షణ ఉంది అని.

నేను వచ్చిన కొద్దికాలానికే ఆ పల్లెలో ఒక కుర్రాడు పోయాడు. ఒక రైతు దగ్గర ట్రాక్టరు తోలేవాడు. కాలవ కట్ట మీద ట్రాక్టరు తిరగబడి కింద పడ్డాడు. తండ్రి లేడు, తల్లి, పెళ్ళికావలసిన చెల్లెలు. ఆ తల్లే పిడికెడు బియ్యం డబ్బా తెచ్చేవాళ్ళలో ముందుండే మనిషి. ఇంటి ముందు షామియానా కింద పెట్టె పెట్టారు. ఆమె తలవైపు కూర్చుని, రెండు చేతులూ పెట్టె అంచు మీద ఆనించి, ముందుకీ వెనక్కీ ఊగుతూ రాగం ఎత్తుకుంది. పొద్దున సద్దన్నం సగం వదిలేసి వెళ్ళాడని, కొత్త చొక్కా ఇంకా దండెం మీదే ఉందని, చెల్లెలి పెళ్ళికి ఎవరు నిలబడతారని. ఒక్కో మాటా పైకెత్తి సాగదీసి, సగంలో గొంతు పడిపోయి, చివరి రెండు మాటలూ పొట్టిగా తెగిపోయేవి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అందుకునేవారు.

నాకు ప్రసంగం సిద్ధంగా ఉంది. టౌను నుంచి వచ్చిన పాస్టర్లు కుర్చీల్లో ఉన్నారు. మైకు తీసుకుని, “అమ్మా, ఇక ఊరుకో. నిరీక్షణ లేనివాళ్ళలా మనం ఏడవకూడదు” అన్నాను. థెస్సలొనీకయులకు పౌలు రాసింది నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడొద్దనే గానీ, అసలు దుఃఖపడొద్దని కాదు. ఇదీ నాకు తెలుసు. ఆమె ఇంకో మాట ఎత్తబోయింది. నేను మళ్ళీ “ఊరుకోమ్మా” అన్నాను, ఈసారి కాస్త గట్టిగా. పక్కనున్న పెద్దావిడ ఆమె భుజం పట్టుకుంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను విలాపవాక్యములు మూడో అధ్యాయం 22వ వచనం తీసి మూడు అంశాలుగా వాక్యం చెప్పాను. అందరూ బాగుందన్నారు. రెండో అధ్యాయం గురించి నేను రాసిన నాలుగు పేజీలు ఆ పూట నాకు గుర్తుకైనా రాలేదు.

ఎందుకు గుర్తుకు రాలేదా అని తరవాత చాలా ఆలోచించాను. ఆ మాటలు నాలోకి వచ్చింది వచనంలోంచి కాదు, వేరొకరి పేజీలోంచి. వచ్చిన దారినే నా పేజీలోకి వెళ్ళిపోయాయి. మధ్యలో నన్ను తాకలేదు.

ఏళ్ళు గడిచాయి. నా అక్క కూతురు బి.డి.లో చేరింది. సెలవులకు వచ్చినప్పుడు హీబ్రూ పుస్తకం పట్టుకుని నా ముందు కూర్చుంది. వాళ్ళకు విలాపవాక్యములు రెండో అధ్యాయం పాఠంగా ఉందట. 18వ వచనంలో తిత్తెనీ అనే పదం మీద వేలు పెట్టి, “మావయ్యా, దీని ధాతువేంటి?” అంది. తెలియదు. పని ఉందని లేవబోయాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. ఏమనుకుందో గానీ పుస్తకం నావైపు తిప్పి, “మొదట్నుంచి చదువుదాం, తప్పులొస్తే రానీ” అంది. కూర్చున్నాను. ఆ సాయంత్రమే ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పేశాను, నా పట్టా సంగతి, ఎత్తిరాసిన ఫుట్‌నోట్ల సంగతి. ఆమె నవ్వలేదు, ఓదార్చలేదు. తకారం మీద ఒత్తు చూపించి, ఇక్కడ నకారం జారిపోయింది, నాతాన్ అంది. నేను ఒకప్పుడు రాత్రంతా వెతికి దొరక్క వదిలేసినది సరిగ్గా ఇలాంటి రూపమే.

ఆ సెలవులంతా రోజూ కొంత చదివాం. హీబ్రూలో ఆజ్ఞ ఆడమనిషికి వేరు, మగవాడికి వేరు. 18, 19 వచనాల్లో ఆజ్ఞలు ఒక్కొక్కటే విప్పుతుంటే ప్రతిదాని చివరా ఈకారం. పారనియ్యి, లెయ్యి, మొరపెట్టు, కుమ్మరించు, చేతులెత్తు. వరసగా ఒక్క ఆడమనిషితో, ఎదురుగా కూర్చుని అంటున్న మాటలు. పైకి చదువుతుంటే ముందు సగం సాగి, వెనక సగం పొట్టిగా తెగుతోంది. బుడ్డే కొలిచిన ఆ కుంటినడక నేను చెవితో వినడం అదే మొదటిసారి. కాదు, రెండోసారి. మొదటిసారి షామియానా కింద విన్నాను, విని మైకులో ఆపేశాను.

మర్నాడు ఆ కుర్రాడి తల్లి ఇంటికి వెళ్ళాను. పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆ రోజు నిన్ను ఏడవకుండా ఆపడం నా తప్పమ్మా అన్నాను. “మీరు ఊరుకోమన్నారుగా అయ్యగారూ, ఊరుకున్నా. ఇంటికాడ నా ఏడుపు నేనేడ్చుకున్నాలే” అంది మామూలుగా. చెంబు పక్కన పెట్టి, కాసేపాగి, “ఆ ట్రాక్టరు గలాయన ఆ రోజు అక్కడే ఉన్నాడు. బ్రేకులు పడట్లేదని పిల్లోడు రెండు మాట్లు చెప్పాడాయనకి. పదిమందిలో ఆ మాటే ఎత్తుకుందామనుకున్నా. మీరు ఆపారు” అంది.

నాకు కాళ్ళు ఆడలేదు. ఆ ఏడుపులో రాబోయింది సాక్ష్యం. పల్లె అంతా, ఊరి పెద్దలు, ఆ రైతు స్వయంగా వింటుండగా బయటపడవలసిన మాట. ఆమె నోటితో అందరి ముందూ అని ఉంటే, ఆ పూటే పెద్దలు కూర్చుని తేల్చి ఉండేవారేమో. కేసు పెట్టమని ఎవరైనా అని ఉండేవారేమో. మట్టి ఖర్చులకని అతను కొంత చేతిలో పెట్టాడు, అక్కడితో సరి. సీయోను కూడా ఊరికే ఏడవలేదు, నేరం ఎవరిదో పేరు పెట్టి చెప్పింది. అతను దేవుడైనా సరే. ఇది నా థీసిస్‌లో ఉంది.

ఆ తరవాత నేను రెండు పనులు చేశాను. పాత గైడుగారికి ఉత్తరం రాశాను, ఏ ఫుట్‌నోట్లు నేను చూడకుండా రాసినవో జాబితా జతచేసి, లైబ్రరీలో ఉన్న నా థీసిస్ ప్రతితో పాటు ఉంచమని. ఆయన జవాబు ఒక కార్డు మీద వచ్చింది. జాబితా అందజేశానని, ఇప్పుడు ఏ అధ్యాయం చదువుతున్నావని. నాలుగో అధ్యాయం అని రాశాను. నిజంగానే అందులో ఉన్నాను.

రెండోది, ఒంగోలులో ఒక లాయరుగారి దగ్గరికి ఆమెను తీసుకెళ్ళడం. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహారపు చట్టం కింద పనిలో చనిపోయినవాడి విధవ తల్లి అర్జీ పెట్టుకునే వీలుండేది. గడువు రెండేళ్ళు ఉండేది. గడువు దాటినా తగిన కారణం చూపిస్తే కమిషనరు ఒప్పుకునే వీలుందన్నారు. నిలుస్తుందో లేదో ఆయన హామీ ఇవ్వలేదు. జరిగిందంతా ఆమె మాటల్లోనే రాసి తెమ్మన్నారు. మా ఇంటి వసారాలో కూర్చుని రాశాం. ఆమె చెబుతూ చెబుతూ మధ్యలో రాగంలోకి వెళ్ళిపోయేది, నేను కలం ఆపి కూర్చునేవాణ్ణి, తేరుకున్నాక మళ్ళీ రాసేవాణ్ణి. వరస నేను పెట్టలేదు, ఆమె చెప్పిన వరసే ఉంచాను. ట్రాక్టరు గలాయన పేరు మొదటి వాక్యంలోనే ఉంది.